అత్తగారి ముడతలు కనిపించాలి

“నవ్వకండి అత్తయ్యా. నవ్వితే ముడతలు కదిలిపోతాయి.”

“నవ్వకుండా ఫోటో తీయించుకోడానికి నేనేమన్నా పోలీసు స్టేషన్లో ఉన్నానా?”

బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న పెద్దావిడ ఆ మాట నవ్వుతూనే అంది. ఎదురుగా మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి ఒక కన్ను మూసుకుని నిలబడ్డ కోడలు మాత్రం నవ్వలేదు. పక్కనుంచి వెలుతురు మెత్తగా పడాలని ఆవిడ కొడుకు ఒక తెల్ల దుప్పటిని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. అతను బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగి. దుప్పటి వెనకనుంచి, “ఇంకెంతసేపు? చేతులు పడిపోతున్నాయి” అని అడుగుతూనే ఉన్నాడు. అత్తాకోడళ్ళిద్దరూ వినిపించుకోలేదు.

“గడ్డం కాస్త ఎత్తండి. పుట్టుమచ్చ నీడలో పడుతోంది.”

“పడనీ. పెళ్ళిచూపుల్లో కూడా దాన్ని నీడలోనే ఉంచాను.”

“నాకు అదే కావాలి అత్తయ్యా. అదీ, కళ్ళ కింద ముడతలూ.”

“కోడలివై ఉండి ఎంత మాటన్నావే! ఊళ్ళో కోడళ్ళు అత్తల ముడతలు లెక్కపెట్టేది చాటుగా. నువ్వు ఏకంగా స్టాండు వేసుకుని మరీ లెక్కపెడుతున్నావు.”

ఈ కోడలి ఉద్యోగం నక్షత్రాల వెలుతురుని పట్టుకునే పరికరాలకి డిజైన్ గీయడం. ఆఫీసులో ఆమెని అందరూ అద్దాలక్క అంటారు. ఆఫీసంటే బయటికి చాలా మామూలు భవనం. పక్కన టైర్ల షాపు, ఎదురుగా కళ్ళజోళ్ళ దుకాణం. లోపల మాత్రం పొడుగాటి వరండా, వరండా చివర ఒక గాజు తలుపు, తలుపు ముందు విడిచిన చెప్పుల గుట్ట. ఆ తలుపు దాటాలంటే నెత్తికి టోపీ, ఒంటికి తెల్లకోటు, కాళ్ళకి నీలం సంచులు. ఆ గదిలో తుమ్మినవాడికి వారం రోజులపాటు మర్యాద ఉండదు.

ఆమె పని వివరించమంటే మొదట ఏనుగు కథ చెబుతుంది. గెలాక్సీని ఫోటో తీస్తే దాని ఆకారం తెలుస్తుంది. దాని వెలుతురుని ఇంద్రధనుస్సులా రంగులుగా విడదీస్తే, అందులో ఏ వాయువులున్నాయో, అవి ఎటు ఎంత వేగంగా పోతున్నాయో తెలుస్తుంది. రెండూ ఒకేసారి కావాలంటేనే చిక్కు. రంగులు విడదీసే యంత్రం పేరు స్పెక్ట్రోగ్రాఫ్. అది ఒక సన్నటి చీలికలోంచి వచ్చే వెలుతురునే లోపలికి రానిస్తుంది. గెలాక్సీ అంతా ఆ చీలికలో పట్టదు. తలుపు సందులోంచి ఏనుగుని చూసినట్టు తోకో చెవో కనిపిస్తుంది, అంతే.

అద్దాలక్క పని ఆ ఏనుగు మొత్తాన్నీ సందులోంచి దూర్చడం. వార్తాపత్రిక పేజీని కాలమ్ కాలమ్‌గా కత్తిరించి, ఒకదాని కింద ఒకటి అతికిస్తే పొడుగాటి పట్టీ అవుతుంది. ఆ పట్టీని ఎంత సన్నటి సందులోంచైనా లాగొచ్చు. అవతల మళ్ళీ పక్కపక్కన పేర్చుకుంటే పేజీ పేజీలాగే ఉంటుంది. ఆమె పరికరం వెలుతురుకి ఈ పనే చేస్తుంది. విజిటింగ్ కార్డంత మందం ఉన్న అల్యూమినియం అద్దాలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో పక్కకి రవ్వంత వాలి ఉంటుంది. బొమ్మ వాటిమీద పడగానే ఒక్కో అద్దం ఒక్కో ముక్కని ఒక్కో వైపు విసిరేస్తుంది. ఎదురుగా ఉన్న బుల్లి అద్దాల వరస ఆ ముక్కల్ని అందుకుని, గీత గీసినట్టు ఒకే వరసలో నిలబెట్టి చీలికలోకి పంపుతుంది. కాగితాల మీద దీనికి పెద్ద పేరే ఉంది. ఆఫీసులో మాత్రం అందరూ కత్తిపీట అంటారు.

పరికరం పూర్తయ్యాక దాన్ని పరీక్షించడానికి చుక్కలూ గీతలూ ఉన్న పలకలు చాలా ఉన్నాయి. అద్దాలక్క వాటితో సరిపెట్టుకోదు. ఇంట్లోవాళ్ళ ఫోటోని స్లైడుగా చేసి, గెలాక్సీ ఉండాల్సిన చోట ఆ ముఖాన్ని పెడుతుంది. “గీతలు సరిగ్గా ఉంటే కంప్యూటర్ సంతోషిస్తుంది. తెలిసిన ముఖంలో తేడా వస్తే మన కన్ను ఊరుకోదు” అంటుంది. ఇదివరకటి పరికరానికి భర్త మీసాలు పనికొచ్చాయి. ఆయన ఈమధ్య వాటిని తీసేశాడు. అందుకని ఈసారి అత్తగారు.

ఈ కత్తిపీట కొండ మీది టెలిస్కోపుకి వెళ్ళాలి. వెళుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. అక్కడి స్పెక్ట్రోగ్రాఫ్‌లో దీన్ని పెట్టడానికి చోటు ఖాళీగా ఉంది. అదే చోట్లో పట్టేలా, ఒకే ఒక్క చీలిక ఉన్న పాతకాలపు పలక కూడా తయారుగా ఉంది. అదొక రేకు. దాంతో ఏ గొడవా ఉండదు, ఏనుగు తోక తప్ప ఏమీ కనిపించదు. డైరెక్టర్ ముందే చెప్పాడు. లారీ వచ్చే రోజుకి కత్తిపీట సిద్ధంగా ఉంటే అది వెళుతుంది, లేకపోతే పలక వెళుతుంది. ఒకసారి పలక బిగిస్తే ఆ యంత్రాన్ని మళ్ళీ విప్పేది ఎన్నేళ్ళకో ఎవరికీ తెలియదు.

అద్దాలక్కకి ఈ దెబ్బ ఒకసారి తగిలింది. ఆమె గీసిన మొదటి కత్తిపీట గడువు దాటిపోయి ఇక్కడే ఉండిపోయింది. దాన్నిప్పుడు లైబ్రరీలో గాజు పెట్టెలో పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు అది ఎవరికో ఎందులోనో వచ్చిన బహుమతి అనుకుంటారు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే ఆమె తల తిప్పుకుని వెళుతుంది.

పరీక్ష రోజున గాజు తలుపు అవతల ముగ్గురున్నారు. అద్దాలక్క, డైరెక్టర్, కొలతలన్న. కొలతలన్న పని పరికరానికి చట్రాలు గీయడం, చెక్కించడం. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే అతను కొలిచే కాలిపర్ పెట్టుకుంటాడు. క్యాంటీన్ బిస్కెట్ మందం తగ్గిందని కొలిచి నిరూపించింది ఇతనే. అతను ఆమెని అక్కా అంటాడు, ఆమె అతన్ని అన్నా అంటుంది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎవరికీ తెలియదు. అడిగితే ఇద్దరూ మాట మారుస్తారు.

దీపాలు ఆర్పారు. అత్తగారి ముఖం ముక్కలై, వరసలో నిలబడి, రంగులుగా విడిపోయి, కంప్యూటర్లో మళ్ళీ అతుక్కుని తెరమీదికి వచ్చింది. నుదురు నుదురు చోటే ఉంది, ముక్కు ముక్కు చోటే ఉంది. ఒక్క పట్టీ కూడా అటూ ఇటూ కాలేదు. లోపలికి వెళ్ళిన వెలుతురులో ఎంత బయటికి వచ్చిందో కొలిస్తే, ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే వచ్చింది.

డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. “అద్భుతం మేడమ్! ఈవిడ మీ అక్కగారా?”

“మా అత్తగారు సార్.”

“అత్తగారా! ఎంత చిన్నగా కనిపిస్తున్నారండీ!”

అద్దాలక్క తెరకి మూరెడు దూరంలోకి వెళ్ళి చూసింది. కళ్ళ కింద ముడతలు లేవు. గడ్డం మీద పుట్టుమచ్చ ఉండాల్సిన చోట పలచటి నీడ ఉంది. పదిహేనేళ్ళు తగ్గిపోయి, పౌడరు రాసుకుని పెళ్ళికి బయల్దేరినట్టున్నారు అత్తగారు.

“సార్, ఇది సరిగ్గా లేదు.”

“ఏం సరిగ్గా లేదు?”

“మా అత్తగారు ఇంత బాగుండరు.”

కొలతలన్న కిసుక్కున నవ్వాడు. డైరెక్టర్ నవ్వలేదు. “ఇంట్లో చేసిన స్లైడు కదా మేడమ్. మసక దానిదే అయ్యుంటుంది. వెలుతురు సరిపోయింది, వరస సరిపోయింది. మన కాగితంలో ఉన్నవి ఆ రెండే. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో కొండ మీద నక్షత్రాన్ని చూసి తేలుస్తారు.”

“తప్పు కొండ మీద తేలితే అక్కడ సరిచేసే మిషను లేదు సార్. స్లైడు నేనే చేశాను. భూతద్దంలో చూశాను. పుట్టుమచ్చ మినపగింజలా ఉంది.”

“అంటే మీ పరికరాన్ని మీరే ఫెయిల్ చేస్తున్నారా?”

“నేను చెయ్యడం లేదు సార్. అత్తగారు చేస్తున్నారు.”

డైరెక్టర్ టోపీ తీసి చేత్తో నలిపాడు. “ఎల్లుండి లారీ వస్తోంది. లారీ ఆగదు. ఎల్లుండికి సరిచేస్తే మీ కత్తిపీట, లేకపోతే పలక. మీరు నోరు మూసుకుని ఉంటే ఈపాటికి సంతకం పెట్టేసేవాణ్ణి, తెలుసా?”

“తెలుసు సార్.”

ఆ సాయంత్రం అద్దాలక్క మసకబొమ్మ ప్రింటు ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. అత్తగారు వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ప్రింటుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

“అమ్మాయ్, ఇది చాలా బాగుందే. దీన్ని ఫ్రేము కట్టించు.”

“అది తప్పు బొమ్మ అత్తయ్యా.”

“తప్పేం లేదు. నేను లోపల ఇలాగే ఉంటాను.” కొడుకు వైపు తిరిగింది. “ఏరా, బాగుందా లేదా?”

తల్లికీ భార్యకీ మధ్య నలిగి నలిగి ఆరితేరినవాడు కాబట్టి అతను టీవీ శబ్దం పెంచాడు.

“ఇది ఇలాగే వెళితే కొండమీద గెలాక్సీలన్నీ మీలాగే ముడతలు లేకుండా కనిపిస్తాయి. వాళ్ళకి కావాల్సింది ముడతలే. కొత్త నక్షత్రాలు పుట్టేది అక్కడే.”

“అయితే ఆ గెలాక్సీల అదృష్టం బాగుంది” అని అత్తగారు ప్రింటు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే అద్దాలక్క బొమ్మని పట్టీ పట్టీగా విడదీసి చూసింది. అన్ని పట్టీల్లోనూ మసక ఒకేలా ఉంది. అదే ఆమెకి దొరికిన మొదటి దారం. అద్దాలు చెక్కడంలో తప్పు జరిగి ఉంటే ఒక్కో అద్దం ఒక్కోలా తప్పాలి. క్లాసులో పిల్లలందరూ ఒకే తప్పు రాస్తే తప్పు పిల్లలది కాదు. అద్దాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. ముక్కలు చేసే దొంతరకీ, వాటిని అందుకునే బుల్లి అద్దాల వరసకీ మధ్య దూరం. ఆ దూరాన్ని పట్టి ఉంచేది కొలతలన్న చట్రం.

ఈ మాట అతనితో అనడం తేలిక కాదు. అంది.

“నా చట్రమా?” కొలతలన్న జేబులోంచి కాలిపర్ తీయబోయి, ఇంత చిన్న విషయానికి అది చాలదన్నట్టు లోపల పెట్టేసి, పెద్ద కొలత మిషను దగ్గరికి నడిచాడు. “రా అక్కా. నీ ఎదుటే కొలుస్తా. వెంట్రుకవాసి తేడా ఉంటే రేపటినుంచి టైర్ల షాపులో చేరతా.”

చట్రాన్ని విప్పి కొలిచారు. డ్రాయింగ్‌లో ఎంత ఉందో అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

“చూశావా? టైర్లు నీకు రాసిపెట్టి ఉన్నాయి, నాకు కాదు.”

“ఆగన్నా. డ్రాయింగ్‌లో ఉన్న కొలత నేనిచ్చింది కాదే! నేనిచ్చిన దానికన్నా ఎక్కువుంది.”

“ఎక్కువ ఉండదా మరి? పెంచాను.”

“ఎందుకు పెంచావు?”

“ఎందుకు పెంచుతానక్కా, ఇన్నేళ్ళూ ఎందుకు పెంచుతున్నానో అందుకే పెంచాను!”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పరికరం పని చేసేది గడ్డకట్టే చలిలో. కాస్త వెచ్చగా ఉన్నా పరికరం తన వేడితో తానే మెరిసి, నక్షత్రాల వెలుతురుని పాడు చేస్తుంది. చలికి లోహం ముడుచుకుంటుంది. అందుకని చలిలో ఎంత ఉండాలో లెక్కగట్టి, వర్క్‌షాపులో దానికన్నా కొంచెం పెద్దగా చెక్కుతారు. అద్దాలక్క ఎప్పుడూ చలిలో ఉండాల్సిన కొలతే రాసిస్తుంది. పెంచడం కొలతలన్న వంతు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఈ పద్ధతి తప్పలేదు, దాని గురించి మాట్లాడుకోవాల్సిన అవసరమూ రాలేదు.

అద్దాలక్క అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

“అన్నా, ఈసారి అద్దాలు బయట షాపులో చెక్కించాం కదా.”

“అవును.”

“వాళ్ళకి ఈ చలి లెక్కలు రావని నేనే పెంచి ఇచ్చాను.”

“మంచిదే.”

“ఎలాగూ పెంచాను కదా, నీకెందుకు శ్రమ అని, చట్రం కొలత కూడా పెంచే ఇచ్చాను.”

కొలతలన్న ఆమె వైపు తిరిగాడు. “నాకు చెప్పావా?”

“చెప్పాననే అనుకున్నాను.”

“నేను దాన్ని మళ్ళీ పెంచాను.”

“అదే మరి.”

ఇద్దరూ చట్రాన్ని చూశారు. ముందు నవ్వింది ఎవరో తెలియదు. నవ్వు ఆగేసరికి అద్దాలక్క కళ్ళు తుడుచుకుంటోంది, కొలతలన్న గోడకి జారగిలబడి ఉన్నాడు.

“ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో వంటకి ఉప్పు రెండుసార్లు పడినట్టయింది” అందామె.

“నువ్వే పెద్దకోడలివి” అన్నాడతను. “నా మీద జాలిపడటం మానెయ్ అక్కా, నీకు పుణ్యం ఉంటుంది. నువ్వు జాలిపడ్డప్పుడల్లా నాకు రెండింతలు పని.”

తప్పు తెలిసింది. చట్రం ఒక మిల్లీమీటరూ, ఇంకాస్తా పొడుగైంది. దాన్ని సర్దడానికి స్క్రూలేమీ లేవు. అద్దాలక్క కావాలనే పెట్టించలేదు. సర్దే స్క్రూ పెడితే ఎవడో ఒకడు సర్దుతాడన్నది ఆమె సిద్ధాంతం. ఇప్పుడు ఆ సిద్ధాంతం ఆమె మెడకే చుట్టుకుంది. మిగిలింది ఒకటే దారి, చట్రాన్ని కోయడం.

“పొట్టిదై ఉంటే పలకకి దండం పెట్టుకుని ఇంటికి పోయేవాళ్ళం” అన్నాడు కొలతలన్న. “పొడుగు కాబట్టి బతికాం. ప్యాంటు పొడుగైతే దర్జీ నవ్వుతాడు, పొట్టిదైతే ఏడుస్తాడు.”

“ఎక్కువ కోస్తే?”

“అప్పుడు నేనూ ఏడుస్తా.”

ఈసారి కొలతని ఆమె కాగితం మీద రాసింది, అతను పైకి చదివాడు. అతను రాశాడు, ఆమె చదివింది. అంతటితో ఊరుకోకుండా, “ఇది గదిలో వేడికా, చలికా?” అని అతను అడిగాడు. “గదిలో వేడికి. నువ్వు పెంచకు. తగ్గించకు. దీని మీద ప్రేమ చూపించకు” అని ఆమె చెప్పింది. మిషను దగ్గర అతనే నిలబడ్డాడు. ఒక్కసారిగా కోయలేదు. కాగితమంత పొర లేపడం, ఆపడం, చల్లారనివ్వడం, కొలవడం. ఆమె అతని వెనక నిలబడి చూడబోయింది. “అక్కా, నువ్వు ఊపిరి పీలిస్తే గది వేడెక్కుతోంది” అని బయటికి పంపేశాడు. ఆమె వెళ్ళి చెప్పుల గుట్ట పక్కన నిలబడి, ఎవరివో చెప్పులు జతలుగా సర్దుతూ మధ్యాహ్నమంతా గడిపింది.

లారీ మర్నాడు ఉదయం వచ్చింది. డ్రైవరు దాన్ని టైర్ల షాపుకి అడ్డంగా పెట్టాడు. షాపువాడు అరుస్తున్నాడు. లోపల కత్తిపీట మళ్ళీ బిగించి, పెట్టె మూసి ఉంది. ఆ పెట్టె చలిలో కాకుండా గదిలోనే ఉంది. అద్దాలూ చట్రమూ ఒకే లోహం కాబట్టి చలికి రెండూ సమానంగా ముడుచుకుంటాయి. గదిలో స్పష్టంగా ఉన్న బొమ్మ చలిలోనూ స్పష్టంగానే ఉంటుంది. డైరెక్టర్ ఒక చేతిలో కత్తిపీటని పంపే కాగితం, ఇంకో చేతిలో పలకని పంపే కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

దీపాలు ఆర్పారు. బొమ్మ వచ్చింది.

ముడతలు వచ్చాయి. కళ్ళ కింద, నోటి పక్కన, మెడ మీద, దేనికది విడివిడిగా కనిపిస్తోంది. పుట్టుమచ్చ మినపగింజలా నల్లగా ఉంది. కొలతలన్న గట్టిగా ఊపిరి వదిలాడు. డైరెక్టర్ పలక కాగితాన్ని జేబులో పెట్టుకోబోయి ఆగాడు.

“మేడమ్, ఈ గీత ఏమిటి?”

ఎడమ కనుబొమ మధ్యలో ఏటవాలుగా సన్నటి తెల్లగీత ఉంది. డైరెక్టర్ జేబురుమాలుతో తెర తుడిచాడు. గీత పోలేదు. అద్దాలక్క తెర దగ్గరికి వంగింది. ఇన్నేళ్ళుగా ఎదురుగా కూర్చుని కాఫీ తాగే ముఖంలో అలాంటి గీత ఆమె ఎన్నడూ చూడలేదు. కోసేటప్పుడు ఎగిరిన లోహపు రవ్వ అద్దం మీద పడిందా? గీరుకుపోయిందా? అదే అయితే గెలాక్సీల్లో ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది. కత్తిపీట ఇక్కడినుంచి కదలడానికి వీల్లేదు. స్లైడుని భూతద్దంలో చూసినప్పుడు ఆమె వెతికింది పుట్టుమచ్చనే, ఇప్పుడు ఆ స్లైడూ పెట్టెలోనే ఉంది. పెట్టె తెరిచి చూద్దామంటే, మళ్ళీ శుభ్రం చేసి మూసేసరికి సాయంత్రమవుతుంది. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

ఆమె ఫోను తీసింది. స్పీకరు పెట్టింది.

“అత్తయ్యా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఎడమ కనుబొమలో గీత ఏదన్నా ఉందా?”

అవతల కుళాయి చప్పుడు ఆగింది.

“గీతా? మచ్చ ఉంది. చిన్నప్పుడు మా అన్నయ్య తలుపు నా మొహం మీద వేశాడు. కుట్టు కూడా పడింది. ఏం?”

“తెల్లగానా? ఏటవాలుగానా?”

“తెల్లగానే, ఏటవాలుగానే. ఇన్నేళ్ళనుంచి ఎదురుగా తిరుగుతున్నా, ఇప్పుడు కనిపించిందటే నీకు? ఇంతకీ ఎవరు చూశారు?”

“అందరం చూశాం అత్తయ్యా. డైరెక్టరు గారు కూడా ఇక్కడే ఉన్నారు, వింటున్నారు.”

“అయ్యో రామ! పెట్టెయ్, పెట్టెయ్. నేనింకా తల దువ్వుకోలేదు.”

ఫోను కట్టయింది. డైరెక్టర్ నవ్వు ఆపుకుంటూ కత్తిపీట కాగితాన్ని పెట్టె మీదే పెట్టి సంతకం చేశాడు. సిరా ఆరేలోపే కొలతలన్న పెట్టె ఒక పక్కన పట్టుకుని, “ఇటు పట్టక్కా, ఆ టైర్లవాడు లారీకి గాలి తీసేసేలా ఉన్నాడు” అన్నాడు.